పద్నాలుగు మంది ఏమయ్యారు?

బూజు పట్టిన రొట్టెముక్కని చూసి మీరెప్పుడైనా భయపడ్డారా? ఛీ అనుకుని అవతల పారేసి వుంటారు. మహా అయితే బూజు వున్న మేరకు గిల్లేసి మిగతాది తినేసి వుంటారు. అలాంటి మామూలు బూజుని పట్టుకొచ్చి, దాన్నే విలన్‌ని చేసి, లోకం మొత్తాన్ని తుడిచిపెట్టేసిన టీవీ నాటకం ఒకటుంది. పేరు 'ది లాస్ట్ ఆఫ్ అస్'. అమెరికాలో హెచ్.బి.వో. వాళ్ళు 2023 జనవరి 15న మొదలుపెట్టారు. మన దేశంలో అప్పట్లో హాట్‌స్టార్‌లో వచ్చింది. అణుబాంబులూ, గ్రహాంతరవాసులూ పాతబడిపోయారు కాబోలు, ఈసారి బూజు వంతు వచ్చింది!

ఈ నాటకం గురించి చాలామంది చాలా రాశారు. ముఖ్యంగా మూడో భాగాన్ని ఆకాశానికెత్తేశారు. నాకు మాత్రం రెండో భాగంతోనే పేచీ వుంది, ప్రేమా వుంది. జనవరి 22న వచ్చిన ఈ భాగం పేరు 'ఇన్ఫెక్టెడ్', అంటే రోగం సోకినవాళ్ళు. రచన క్రెయిగ్ మేజిన్. 2019లో 'చెర్నోబిల్' రాసి అందరినీ వణికించింది ఈయనే. దర్శకత్వం నీల్ డ్రక్‌మన్. 2013లో వచ్చిన వీడియో గేమ్ నుంచి పుట్టిన కథ ఇది. ఆ గేమ్‌ని తయారుచేసిన వాళ్ళలో ముఖ్యుడు ఈ డ్రక్‌మనే. మొదటి భాగాన్ని అమెరికాలో తొలిరాత్రి 47 లక్షల మంది చూస్తే రెండో భాగాన్ని 57 లక్షల మంది చూశారట. మన భాషలో చెప్పాలంటే, మౌత్ టాక్ బాగుండి రెండోవారం కలెక్షన్లు పెరిగాయన్నమాట!

ఇంతకీ నా పేచీ ఎందుకంటే, నేనుండేది కందిలో. తెలియనివాళ్ళకి చెబుతున్నాను, హైదరాబాదు నుంచి ముంబాయి హైవే మీద పటాన్‌చెరు, ఇస్నాపూర్, రుద్రారం దాటి సంగారెడ్డికి వెళ్తుంటే, ఊరు రాకముందే వస్తుంది మా కంది. ఐ.ఐ.టి. వున్నది ఇక్కడే. జైలూ ఇక్కడే. ఊరి పేరులో కంది వుంది గానీ, ఆ పంట మీద పరిశోధన చేసే ఇక్రిశాట్ పటాన్‌చెరులో వుంది. ఇటు చేలు, అటు పొగగొట్టాలు, మధ్యలో షిఫ్టు బస్సులు. ఇక్కడి జనానికి ఫ్యాక్టరీ అంటే సినిమాలో సెట్టింగు కాదు. పొద్దున్నే డబ్బా కట్టుకుని వెళ్ళే చోటు. ఈ నాటకంలో ప్రపంచం అంతం కావడం మొదలయ్యేది సరిగ్గా అలాంటి చోటే.

కథ టూకీగా...

2003 సెప్టెంబరు 24. ఇండోనేషియాలో జకార్తా. ఒక పెద్దావిడ హోటల్లో కూర్చుని మధ్యాహ్నం భోజనం చేస్తూ వుంటుంది. మిలిటరీ వాళ్ళు లోపలికి వస్తారు. తను ఏం తప్పు చేశానా అని ఆవిడ ముఖంలో భయం. తప్పేమీ లేదు. ఆవిడ యూనివర్సిటీలో శిలీంధ్రాల ప్రొఫెసరు, పేరు రత్న. లాబొరేటరీకి తీసికెళ్ళి మైక్రోస్కోపు ముందు కూర్చోబెడతారు. చూస్తుంది. ఫలానా బూజు అని చెబుతుంది. కానీ ఈ స్లైడుకి ఈ రంగు ఎందుకు వేశారని అడుగుతుంది. మనిషి ఒంట్లోంచి తీసిన ముక్క కాబట్టి అని జవాబు. మనిషి ఒంట్లో ఇది బతకదు కదా అంటుందావిడ. అక్కడ ఒక్క క్షణం ఎవరూ మాట్లాడరు.

చూశారా, కథనం అంటే ఇదీ! కేకల్లేవు, పరుగుల్లేవు. స్లైడు మీద రంగు గురించి ఒక చిన్న ప్రశ్న. దాంతో చూసేవాడి వెన్నులో చలి పుడుతుంది. తరవాత ఆవిడకి తలనుంచి కాళ్ళదాకా కప్పే దుస్తులు తొడిగి శవం దగ్గరికి పంపుతారు. పిండీ, గింజలూ తయారుచేసే ఫ్యాక్టరీలో పనిచేసిన ఒక మనిషి శవం అది. చీలమండ దగ్గర కాటు. నోరు తెరిచి చూస్తే గొంతులో తెల్లటి పోగులు కదులుతూ వుంటాయి. ఆవిడ బయటికి పరుగెడుతుంది.

ఆపైన వచ్చే సీను కోసమే ఈ భాగాన్ని మళ్ళీ మళ్ళీ చూడొచ్చు. మిలిటరీ అధికారి ఎదురుగా కూర్చుని వుంటాడు. ఆవిడ చేతిలో టీ కప్పు. ఆ కప్పు సాసరు మీద టకటకలాడుతూ వుంటుంది. ఆ మనిషిని కరిచిందెవరో తెలీదంటాడు అధికారి. ఆ ఫ్యాక్టరీలో పనిచేసే పద్నాలుగు మంది కనబడటం లేదంటాడు. మందో, టీకానో చెప్పమంటాడు. మందు లేదు, టీకా లేదు అంటుందావిడ. మరేం చెయ్యాలి? ఆవిడ ఒకే మాట చెబుతుంది - బాంబులు వెయ్యండి. ఊరి మీదే, ఊళ్ళో వున్న అందరి మీదా. చెప్పాక ఏడుస్తుంది. తనని ఇంటికి దింపమని అడుగుతుంది, తనవాళ్ళ దగ్గర వుండాలని.

రత్న పాత్ర వేసినావిడ పేరు క్రిస్టీన్ హకీమ్. 1970ల నుంచీ ఇండోనేషియా సినిమాల్లో నటిస్తున్న మనిషి. మనకి ఊర్వశి శారద ఎలాగో వాళ్ళకి ఈవిడ అలాగ. 2002లో కాన్ చిత్రోత్సవంలో జ్యూరీ సభ్యురాలిగా కూర్చుంది. ఈ నాటకంలో ఆవిడ కనబడేది కొన్ని నిమిషాలే. ఆ సీజన్ మొత్తం తొమ్మిది భాగాల్లోనూ మళ్ళీ కనబడదు. అయినా నాటకం చూసినవాళ్ళెవరినైనా అడగండి, ఆ టీ కప్పు గుర్తుందంటారు. గ్లిజరిన్ కన్నీళ్ళకి అలవాటుపడిన మన కళ్ళకి ఆ నటన మంచినీళ్ళలా వుంటుంది.

ఇంకో సంగతి. అధికారి ఆవిణ్ణి 'ఇబు' అంటాడు. వాళ్ళ భాషలో అమ్మ అని అర్థం, పెద్దావిడని గౌరవంగా పిలవడం. మనం అమ్మగారూ అన్నట్టే. ఊరి మీద బాంబులెయ్యమనే మాట చెప్పించుకోబోతూ కూడా ఆ మిలిటరీ మనిషి అమ్మగారూ అనే పిలుస్తాడు. ఇంగ్లీషు సబ్‌టైటిళ్ళు చదువుకునే అమెరికావాడికి ఇది చెవిన పడుతుందో లేదో గానీ మనకి మాత్రం చివుక్కుమంటుంది.

మన బూజు సంగతి

ఇదంతా కట్టుకథ అనుకునేరు. సగమే కట్టుకథ! చీమల ఒంట్లో దూరి వాటిని వశం చేసుకునే శిలీంధ్రం నిజంగానే వుంది. చీమ పుట్ట వదిలేసి, మొక్కెక్కి, ఆకు ఈనెని కరిచిపట్టుకుని చచ్చిపోతుంది. దాని తలలోంచి కాడలా మొలుస్తుంది బూజు. మనిషి ఒంటి వేడికి శిలీంధ్రాలు చాలావరకు బతకవు కాబట్టి మనం బతికిపోతున్నాం. భూమి వేడెక్కుతున్న కొద్దీ అవి ఆ వేడికి అలవాటు పడితే? ఇదీ నాటకం అడిగే ప్రశ్న. మొదటి భాగం మొదట్లోనే 1968 నాటి టీవీ చర్చ ఒకటి పెట్టి, ఒక శాస్త్రవేత్త చేత ఈ మాట చెప్పించారు.

మనకి ఇది మరీ కొత్త భయమేం కాదు. 2021 వేసవిలో కరోనా రెండోసారి విరుచుకుపడ్డప్పుడు బ్లాక్ ఫంగస్ పేరు వినని ఇల్లు లేదు. కోఠి ఈ.ఎన్.టి. ఆస్పత్రి ముందు కన్ను ఉబ్బిపోయిన మనుషులు, ఇంజక్షన్ల కోసం తిరిగే బంధువులు. చూసినవాళ్ళు మరచిపోరు. 2022 అక్టోబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాదకరమైన శిలీంధ్రాల పట్టీ మొట్టమొదటిసారి విడుదల చేసింది. ఆ తరవాత మూడు నెలలకే ఈ నాటకం వచ్చింది. టైమింగు అంటే అదీ!

ఇక మా పటాన్‌చెరు సంగతి చెప్పక్కర్లేదు. ఇక్రిశాట్‌లో 1972 నుంచీ చేస్తున్న పనిలో పెద్దభాగం తెగుళ్ళతో యుద్ధమే. వేరుశనక్కాయకి పట్టే బూజు తయారుచేసే విషం కాలేయానికి చేటు. కందికి వచ్చే ఎండు తెగులు మరీ విచిత్రం. బూజు వేళ్ళలోంచి దూరి, నీళ్ళు పారే గొట్టాలని మూసేస్తుంది. చుట్టూ తడి వున్నా మొక్క నిలువునా ఎండిపోతుంది. రైతు చూస్తూ వుండగానే చేను పోతుంది. రచయిత మేజిన్ ఎప్పుడైనా మా చేల గట్ల మీదికి వచ్చి వుంటే చీమ దాకా వెళ్ళేవాడు కాదేమో!

పిండిలో విషం అన్న ఆలోచన మాత్రం అతని తెలివికి మచ్చుతునక. ఈ రెండు భాగాల్లో సూటిగా చెప్పడు. మొదటి భాగంలో నాయకుడి కుటుంబానికి పాన్‌కేకుల పిండి అయిపోయి వుంటుంది. పక్కింటివాళ్ళు పెట్టిన బిస్కట్లు తినరు. కేకు తేవడం మరచిపోతారు. అందువల్లే ఆ ఇంట్లో వాళ్ళు బతికారని మనం రెండో భాగంలో జకార్తా పిండి ఫ్యాక్టరీ మాట విన్నాక వెనక్కి వెళ్ళి లెక్క కట్టుకోవాలి. ప్రేక్షకుడి బుర్రని గౌరవించే రచయితలు అరుదు. ఈ విషయంలో మేజిన్‌కి నమస్కారం.

ఓ ప్రశ్న

ఈ భాగాన్ని నేను రెండుసార్లు చూశాను. మొదటిసారి 2023లో ఒక్కణ్ణే. రెండోసారి 2025 దసరా సెలవుల్లో, మా ఇంటి కింది పోర్షన్లో అద్దెకుండే కుర్రాళ్ళతో కలిసి. ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్ళు నలుగురు. సబ్‌టైటిళ్ళు చదవడం వాళ్ళకి కష్టం. అంచేత నేనే తెలుగులో చెబుతూ కూర్చున్నాను. టీ కప్పు సీను అయింది. తెర మీద పేర్లు పడ్డాయి. కథ అమెరికా చేరింది. పది నిమిషాలు గడిచాయి. వాళ్ళలో చిన్నవాడు ఉన్నట్టుండి అడిగాడు.

"అన్నా, గా పద్నాలుగు మంది ఏమైండ్రు?"

"ఎవరు?"

"గదే, పిండి ఫ్యాక్టరీల పనిచేసెటోళ్ళు. కనవడ్తలేరని చెప్పిండు గద మిలిటరీ ఆయన. మళ్ల ఆళ్ళ ముచ్చటే లేదేంది?"

"ఇక చూపించరు తమ్మీ. కథ అమెరికాకి పోయింది."

"గట్లెట్ల పోతదన్నా?" అన్నాడు. వాడి పక్కనున్న పెద్దవాడు, "ఊకో, సీన్మా చూడు" అన్నాడు గానీ, తను కూడా తెర వైపు చూడటం లేదు.

ఆ కుర్రాడు అలా అడగడానికి కారణం నాకు తెలుసు. మా బెల్టులో ఎవరికైనా తెలుసు. 2025 జూన్ 30 ఉదయం పాశమైలారంలో ఒక ఫ్యాక్టరీ పేలిపోయింది. అక్కడ తయారయ్యేది మందుబిళ్ళల్లో కలిపే పొడి. చెక్కగుజ్జు నుంచి తీస్తారు. మెత్తగా, తెల్లగా, అచ్చం మైదాలా వుంటుంది. నలభై మందికి పైగా పోయారు. ఎక్కడెక్కడి రాష్ట్రాల నుంచో పొట్ట చేతపట్టుకుని వచ్చినవాళ్ళు వాళ్ళలో ఎందరో. శవాలని డి.ఎన్.ఏ. పరీక్షలు చేసి గుర్తుపట్టాల్సి వచ్చింది. ఎనిమిది మంది ఆనవాళ్ళు దొరకనే లేదు. వాళ్ళ తాలూకు మనుషులు ఫ్యాక్టరీ గేటు ముందూ, పటాన్‌చెరు ఆస్పత్రి ముందూ ఫొటోలు పట్టుకుని రోజుల తరబడి నిలబడ్డారు. "కనబడటం లేదు" అన్న మాట ఇక్కడి చెవులకి డైలాగులా వినబడదు.

అక్కడే ఈ భాగంలోని మొదటి లోపం నాకు పట్టుబడింది. పద్నాలుగు మంది అన్నది రచయితకి ఒక అంకె. భయాన్ని ఒక మెట్టు పైకెక్కించే అంకె. అందుకే చెప్పి వదిలేశాడు. శవమైన మనిషికి పేరు లేదు. రత్న అడిగిన ప్రశ్నలు కూడా బూజు గురించే గానీ మనుషుల గురించి కాదు. ప్రొఫెసరు కాబట్టి అలా అడగడం సహజమే. ఆ అధికారి కూడా అంతేనా? ఒక్క పేరు, హాజరు పుస్తకంలోంచి ఒక్క పేరు చదివించి వుంటే ఆ సీను పదింతలయ్యేది. చూడండి, 'చెర్నోబిల్'లో ఇదే రచయిత మంటలార్పే మనిషి భార్యనీ, గని కార్మికులనీ ఎంతసేపు చూపించాడో! సోవియట్ కార్మికుడికి ఇచ్చిన తీరిక జకార్తా కార్మికుడికి ఇవ్వలేకపోయాడు.

లోకం అంతమయ్యే కథల్లో ఒక పాత అలవాటుంది. అంతం మొదలయ్యేది ఎప్పుడూ మనలాంటి దేశాల్లోనే. ఏడ్చి, బతికి, కొత్త కాపురం పెట్టేది మాత్రం అమెరికాలో. జకార్తాకి కొద్ది నిమిషాలు, బోస్టన్‌కి మిగతాదంతా. అదే బూజు మా పటాన్‌చెరు పిండిమిల్లులో పుట్టినట్టు రాసుకుంటే, మమ్మల్ని కూడా పేర్లు పడేలోపే ముగించేసేవారు. ఈ మాట అంటే, ఆ ప్రొఫెసరమ్మకి ఎంత మర్యాద ఇచ్చారో చూడలేదా అని ఒక మిత్రుడు నాతో వాదించాడు. నిజమే. ఆవిడకి సొంత భాష ఇచ్చారు, చదువిచ్చారు, ప్రపంచంలో మొట్టమొదట నిజాన్ని కనిపెట్టే గౌరవమిచ్చారు. మామూలుగా ఇలాంటి నాటకాల్లో తూర్పుదేశపు మనిషి ముసుగేసుకుని పరుగెత్తడం తప్ప ఏమీ చెయ్యడు. ఆ మేరకి ఇది గొప్ప మెరుగే. కానీ మర్యాద ప్రొఫెసరుకి దక్కింది గానీ కూలీకి దక్కలేదు!

బోస్టన్‌లో ముగ్గురు

ఇరవై ఏళ్ళు గడిచిపోయాయి. సరుకులు దొంగచాటుగా చేరవేసే జోయెల్ (పెడ్రో పాస్కల్), అతని సహచరి టెస్ (ఆనా టోర్వ్), వాళ్ళు చేరవెయ్యాల్సిన 'సరుకు'గా పద్నాలుగేళ్ళ పిల్ల ఎల్లీ (బెల్లా రామ్సే). బూజు మనిషి కరిచినా ఆ పిల్లకి రోగం రాలేదు. ఎందుకు రాలేదో తెలిస్తే మందు దొరుకుతుందని కొందరి ఆశ. ఆ పిల్లని ఊరు దాటించాలి. ఈ భాగంలో కథ అంతే. నడక.

కానీ ఎలాంటి నడక! కూలిన మేడలు, పెరిగిన పచ్చిక, బాంబులు పడ్డ గోతులు. పెద్ద పట్నాల్లో చాలావాటి మీద ఇలాగే బాంబులేశారు, ఇక్కడ ఫలించింది, చాలాచోట్ల ఫలించలేదు అంటుంది టెస్. ప్రొఫెసరమ్మ నోటి నుంచి వచ్చిన ఒక్క మాట ఇరవై ఏళ్ళ తరవాత మన కళ్ళ ముందు గోతులై కనబడుతుంది. ఆ మాటకీ ఈ గోతులకీ మధ్య వంతెన వెయ్యకుండా మన ఊహకి వదిలేశాడు దర్శకుడు. భేష్.

నీళ్ళు నిండిన పాత హోటలు సీను ఇంకా బాగుంది. రిసెప్షన్ బల్ల వెనక నిలబడి గుమాస్తాలా నటిస్తుంది ఎల్లీ. పుట్టినప్పటి నుంచీ గోడల మధ్య పెరిగిన పిల్ల. హోటలంటే పుస్తకాల్లో చదివి తెలుసుకున్నదే. బెల్లా రామ్సే ఆ అల్లరిలో ఎక్కడా అతి చెయ్యలేదు. జోయెల్ ముఖం మాత్రం ముడుచుకునే వుంటుంది. కూతుర్ని పోగొట్టుకున్నవాడు ఇంకో పిల్లని చూసి నవ్వడానికి భయపడుతున్నాడు. పాస్కల్ దాన్ని మాటల్లో కాక నడకలో, ఎటో చూసే చూపులో చూపించాడు.

పైనుంచి చూస్తే వీధి నిండా వందలమంది బూజు మనుషులు గుంపుగా పడి వుండి, ఒకేసారి కెరటంలా పొర్లుతారు. నేల కింద పోగులతో అందరూ ఒకరికొకరు అతుక్కుని వుంటారనీ, ఇక్కడ కాలు పెడితే ఎక్కడో పదిమంది లేచి వస్తారనీ టెస్ చెబుతుంది. మా చేలల్లో వేళ్ళకీ బూజుకీ వుండే పొత్తు గురించి తెలిసినవాళ్ళకి ఈ ఆలోచన మరీ ముచ్చటేస్తుంది. గేమ్‌లో గాల్లో తేలే విత్తుల ద్వారా రోగం అంటుకునేది. ఇక్కడ దాన్ని తీసేసి ఈ పోగులు పెట్టారు. మంచి మార్పే. ఎందుకంటే గాల్లో విత్తులుంటే నటులందరికీ ముఖాలకి ముసుగులు తగిలించాలి, అప్పుడు నటన ఎవరు చూస్తారు?

మ్యూజియం సీనులో వచ్చేవి 'క్లిక్కర్లు'. బూజు ముఖాన్ని చీల్చుకుని పువ్వులా విచ్చుకుని వుంటుంది. కళ్ళు లేవు. గబ్బిలాల్లా శబ్దం చేసి, దాని ప్రతిధ్వనితో వేటాడతాయి. టిక్కు టిక్కు మనే ఆ చప్పుడు కోసం ఇయర్‌ఫోన్లు పెట్టుకుని చూడండి. మా కింది పోర్షను కుర్రాళ్ళు ఫ్యాను కూడా ఆపేశారు! మేకప్ బారీ గోవర్ బృందం పని. కంప్యూటరు బొమ్మ కాకుండా మనిషికి నిజంగా తొడిగిన వేషం కావడం వల్ల ఆ భయం ముట్టుకుంటే తగిలేలా వుంది. ఎవరూ మాట్లాడకూడదు కాబట్టి ముగ్గురు నటులూ కళ్ళతోనే నడిపించారు సీనుని.

అయితే చీకటి మరీ ఎక్కువైంది. లైటింగు పొదుపు చేశారా అనిపిస్తుంది కొన్ని షాట్లలో. ఇరవై ఏళ్ళుగా ఈ పనిలోనే వున్న జోయెల్, టెస్ ఎదుట అంత పెద్ద మ్యూజియంలో సరిగ్గా రెండే క్లిక్కర్లు, సరిగ్గా తుపాకీ గుళ్ళు పెట్టుకునేంత వ్యవధి! గేమ్ ఆడేవాడికి ఇది ఒక 'లెవెల్' దాటడంలా బాగుంటుంది. నాటకం చూసేవాడికి రచయిత చెయ్యి కనబడిపోతుంది.

ముద్దు కాని ముద్దు

క్లైమాక్సు. పిల్లని అప్పజెప్పాల్సిన చోట అందరూ చచ్చి పడి వుంటారు. టెస్‌ని మ్యూజియంలోనే కరిచాయని అప్పుడు బయటపడుతుంది. తన కాటూ, ఎల్లీ కాటూ పక్కపక్కన చూపిస్తుంది. ఒకటి పుండై పాకుతోంది, ఒకటి మానిపోయింది. జోయెల్‌తో ఇన్నాళ్ళూ తను అడగనిది ఒకటి అడుగుతుంది, ఈ పిల్లని బతికించమని. ఆనా టోర్వ్ ఈ సీనులో గొంతు పెంచకుండానే గెలిచింది. మన సినిమాల్లో అయితే ఇక్కడ ఒక పాట, ఒక పెద్ద డైలాగు, పైన వాన! ఆవిడకి వున్నది హడావిడే. చచ్చేలోగా ఒప్పించాలన్న తొందర. ఆ తొందరే కన్నీళ్ళు తెప్పిస్తుంది.

ఈలోగా జోయెల్ ఒక బూజు మనిషిని కాలుస్తాడు. దాని వేళ్ళ మీదికి పోగులు పాకుతాయి. అంతే, ఎక్కడో వీధిలో పడివున్న గుంపంతా లేస్తుంది. ముప్పై నిమిషాల క్రితం చెప్పిన కబురు ఇక్కడ పేలింది. స్క్రీన్‌ప్లే నేర్చుకునే కుర్రాళ్ళు రాసిపెట్టుకోవాలి. తరవాతి భాగాల్లో ఆ సీజనంతా ఈ పోగుల సంగతి రచయిత దాదాపు మరచిపోవడం వేరే కథ! ఒకే ఎపిసోడ్‌కి వాడి పారేసేంత చిన్న ఆలోచన కాదది.

టెస్ అక్కడే వుండిపోతుంది. పెట్రోలు ఒలకబోసి, గ్రెనేడ్లు పరిచి, లైటరు పట్టుకుని నిలబడుతుంది. లైటరు వెలగదు. గుంపులోంచి ఒకడు మెల్లగా వస్తాడు. కరవడు. ఆవిడ ముఖానికి ముఖం ఆనించి నోట్లోంచి పోగులు ఆవిడ నోట్లోకి పంపుతాడు. లోపల బూజు వుంది కాబట్టి ఆవిడ వాళ్ళలో ఒకతె అయింది, ఎదిరించకపోతే హింస వుండదు అని దాని భావం. ఆలోచన వరకూ బాగానే వుంది. కానీ తెర మీద అది ముద్దులా కనబడుతుంది. అంత ధైర్యంగా చావడానికి నిలబడ్డ ఆడమనిషికి ఆఖరి క్షణాల్లో ఈ అవమానం ఎందుకు? గేమ్‌లో టెస్ సైనికులతో పోరాడి చనిపోతుంది. ఇక్కడ కూడా ఆ మర్యాద మిగల్చాల్సింది. భయపెట్టడానికీ ఏవగింపు పుట్టించడానికీ మధ్య గీత సన్నగా వుంటుంది, జకార్తాలో టీ కప్పుతో ఆ గీతని అంత జాగ్రత్తగా గౌరవించినవాళ్ళు ఇక్కడ దాటేశారు.

లైటరు వెలగకపోవడం కూడా మరీ పాత ఎత్తు. 1991లో 'ఆదిత్య 369'లో సింగీతం శ్రీనివాసరావుగారు మూడో ప్రపంచయుద్ధం అయిపోయాక జనం నేలకింద బతికే కాలాన్ని మనకి చూపించారు. 2024లో 'కల్కి 2898 ఏడీ'లో కాశీని ఆఖరి నగరంగా చూశాం. ఈ రెండిట్లోనూ భారీతనం వుంది, యంత్రాలున్నాయి. కానీ ఒక మామూలు మనిషి అరగంటలో చావబోతూ ఇంకో మనిషిని ఒప్పించే సీను లేదు. అది మనవాళ్ళు ఈ భాగం చూసి నేర్చుకోవచ్చు. లైటరు మాత్రం వదిలెయ్యొచ్చు!

సంగీతం గుస్తావో సాంటావొలాయ. అర్జెంటీనా మనిషి, రెండు ఆస్కార్లు తెచ్చుకున్నవాడు. గిటారు తీగని ముట్టీ ముట్టనట్టు మీటి వదిలేస్తాడు. ఈ భాగంలో అతనికి పని తక్కువే, ఆ తక్కువలోనే మంచి పేరు కొట్టేశాడు. కూర్పు చురుగ్గా వుంది. కెనడాలోని ఆల్బర్టా రాష్ట్రంలో తీసి బోస్టన్ అని నమ్మించిన కళాదర్శకత్వానికి వంక పెట్టలేం.

మార్కులు వెయ్యమంటే జకార్తాకి పదికి తొమ్మిది, క్లిక్కర్లకి ఎనిమిది, ముద్దుకి మూడు వేస్తాను. జకార్తాలో తగ్గించిన ఆ ఒక్క మార్కూ పద్నాలుగు మంది ఖాతాలో రాసుకోండి. మా కింది పోర్షను కుర్రాడు అయితే ఇంకా పిసినారి. మూడో భాగం పెట్టనా అంటే, ముందు ఆ ఫ్యాక్టరీ ముచ్చట ఏ భాగంలో వస్తదో చెప్పమన్నాడు. ఏ భాగంలోనూ రాదన్నాను. పొద్దున ఆరింటికి బస్సు వుందని లేచి వెళ్ళి పడుకున్నాడు.